నెలలు నిండేదాకా తోడెవరు?

నెల తప్పిందని తెలిసిన రోజు నుంచీ తెలుగింట్లో ఒకే ప్రశ్న వినిపిస్తూ ఉంటుంది: "తిన్నావా?" అత్త అడుగుతుంది. అమ్మ పొద్దునా సాయంత్రం ఫోన్ చేసి అడుగుతుంది. పక్కింటి పిన్నిగారు గోడ మీంచి అడుగుతుంది. అంగన్‌వాడీలో గుడ్డూ పాలూ ఇస్తారు. ఆసుపత్రికి వెళ్తే బరువు తూస్తారు, బీపీ చూస్తారు, రక్తం ఎంత ఉందో చూస్తారు, బిడ్డ గుండె చప్పుడు వింటారు, ఐరన్ మాత్రలు చేతిలో పెడతారు. ఇవన్నీ కావలసినవే. ఇవి లేక ప్రాణాలు పోయిన రోజులు మన ఇళ్లలో పెద్దవాళ్లకు ఇంకా గుర్తున్నాయి. కానీ ఇంత చూసుకునేవాళ్లలో "రాత్రిళ్లు నిద్ర పడుతోందా? దేనికైనా భయపడుతున్నావా? ఇంట్లో నీతో అందరూ బాగుంటున్నారా?" అని అడిగేవాళ్లు అరుదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రతి వంద మంది గర్భిణుల్లో దాదాపు 10 మంది, కొత్తగా కన్న తల్లుల్లో 13 మంది మానసిక సమస్యతో బాధపడుతున్నారు. అందులో ఎక్కువ భాగం కుంగుబాటే. వర్ధమాన దేశాల్లో అయితే గర్భిణుల్లో ఇది 15.6 శాతం, బాలింతల్లో 19.8 శాతం. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను, 20 వేల మందికి పైగా తల్లుల వివరాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2017లో వెలువడింది. కాన్పు తర్వాతి కుంగుబాటు 22 శాతం మందిలో ఉన్నట్టు అందులో తేలింది. ప్రసూతి వార్డులో వరసగా ఐదు మంచాలుంటే వాటిలో ఒక మంచం మీద ఉన్న తల్లి ఈ బాధలో ఉందన్నమాట. పైగా చాలామందిలో ఇది కాన్పుతో మొదలయ్యేది కాదు, కడుపుతో ఉన్నప్పుడే మొదలై పైకి తెలియకుండా ఉండిపోయినది.

ఇంతమందికీ సరిపడా మానసిక వైద్యులు మనకు లేరు. దేశం మొత్తం మీద లక్ష జనాభాకు ఒక్కరు కూడా రారు. అయినా ఈ సమస్య చేయి దాటిపోయిందని నేను అనుకోవడం లేదు. గర్భిణుల్లో ఎక్కువమందికి మొట్టమొదట కావలసింది ఒక తోడు మనిషి. ఆ తోడును ఎవరి దయకో అదృష్టానికో వదిలేయకుండా, శిక్షణ ఇచ్చి, జీతమిచ్చి, ఒక పనిగా ఏర్పాటు చేయవచ్చని మన పొరుగునే రుజువైంది. ఆ పని చేయగల ఆడవాళ్లు మన ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాళ్లకు మనం ఇంకా ఆ పని అప్పజెప్పలేదు.

"గర్భిణికి ఇవన్నీ మామూలే"

కుంగుబాటును పట్టుకోవడం గర్భిణిలో మరీ కష్టం. నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, నీరసం, ఉన్నట్టుండి ఏడుపు. ఇవి కుంగుబాటులోనూ ఉంటాయి, వేవిళ్లలోనూ నిండు నెలల్లోనూ ఉంటాయి. అందుకే ఇంట్లోవాళ్లూ, ఒక్కోసారి ఆసుపత్రివాళ్లూ "ఈ టైమ్‌లో ఇవన్నీ మామూలేనమ్మా" అనేసి ఊరుకుంటారు. 1987లో స్కాట్లాండ్‌లో కాక్స్, హోల్డెన్, సగోవ్‌స్కీ అనే ముగ్గురు పరిశోధకులు తయారుచేసిన ఎడిన్‌బరో ప్రశ్నావళి ఈ చిక్కును తెలివిగా దాటింది. ఒంటికి సంబంధించిన లక్షణాలను పక్కనపెట్టి మనసు సంగతే అడిగింది. పదే పది ప్రశ్నలు, అన్నీ గడిచిన వారం రోజుల గురించి. నవ్వొచ్చే విషయానికి నవ్వగలుగుతోందా, ఏం జరిగినా తప్పు తనదే అనుకుంటోందా, కారణం లేకుండా కంగారు పడుతోందా, ఇలా సాగుతాయి. తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన వచ్చిందా అన్నది పదో ప్రశ్న. మొదట బాలింతల కోసం రాసిన ఈ ప్రశ్నావళిని తర్వాత గర్భిణులకూ వాడుతున్నారు. పూర్తి చేయడానికి అయిదు నిమిషాలు చాలు.

మన ఇళ్లలో ఈ బాధ వేరే మాటల్లో బయటికొస్తుంది. గుండె దడగా ఉందంటుంది, తల బరువంటుంది, మనసంతా ఏదోలా ఉందంటుంది. గాలి సోకిందనో దిష్టి తగిలిందనో అమ్మమ్మ తాయెత్తు కట్టిస్తుంది. ఆ అమ్మమ్మను నేను తప్పుపట్టను. పిల్లలో తేడా ఉందని ఇంటిల్లిపాదిలో మొదట గమనించింది ఆవిడే. తాయెత్తు కట్టించాక ఆసుపత్రికి కూడా తీసుకెళ్తే చాలు.

నాకు కోపం తెప్పించేది ఇంకొకటుంది. "నువ్వు ఏడిస్తే బిడ్డకు మంచిది కాదు" అనే మాట. దీని వెనక కొంత నిజం లేకపోలేదు. పట్టించుకోని కుంగుబాటు వల్ల నెలలు నిండకుండా కాన్పు కావడం, బిడ్డ తక్కువ బరువుతో పుట్టడం వంటి ముప్పులు పెరుగుతాయని పరిశోధనలు చెబుతున్నాయి. కుంగిపోయిన మనిషి సరిగా తినదు, చెకప్‌లకు వెళ్లదు. కానీ ఆ నిజాన్ని బెదిరింపుగా మార్చి ఆమె మీదే పెడితే, ఉన్న దిగులుకు తోడు బిడ్డకు తానే కీడు చేస్తున్నానన్న భయం కూడా చేరుతుంది. కడుపులో ఉండగా ప్రహ్లాదుడు నారదుడి బోధ విన్నాడన్న కథ మనందరికీ తెలుసు. దాన్ని ఎప్పుడు చెప్పినా బిడ్డ ఏం విన్నాడన్న దగ్గరే ఆగిపోతాం. ఆ బిడ్డ తల్లి లీలావతి సంగతి తలచుకోం. భర్త దూరంగా తపస్సులో ఉన్నాడు, శత్రువు వచ్చి ఆమెను ఈడ్చుకుపోతున్నాడు. నారదుడు అడ్డుపడి విడిపించి, భర్త తిరిగొచ్చేదాకా తన ఆశ్రమంలో ఉంచుకున్నాడు. బోధ తర్వాతి సంగతి. ముందు ఆమెకు దొరికింది భయం లేని చోటు.

పుట్టిల్లు చేసే పని

తొలి కాన్పుకు పుట్టింటికి తీసుకెళ్లే ఆచారాన్ని ఖర్చుల లెక్కలోనో మర్యాదల లెక్కలోనో చూస్తాం. దాన్ని ఆరోగ్య వ్యవస్థగా చూడాలి. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో సీమంతం చేసి, గాజులు తొడిగి, చలిమిడి పెట్టి, ఒడి నింపి పంపుతారు. ఆ రోజున వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చి ఆమె చుట్టూ కూర్చుంటారు. తమ కాన్పుల కథలు చెబుతారు. నొప్పులు ఎలా వస్తాయో, ఎవరికి ఎంతసేపు పట్టిందో నవ్వుతూ చెప్పుకుంటారు. భయపడుతున్న పిల్లకు ఆ కబుర్లలో సగం ధైర్యం వచ్చేస్తుంది. తర్వాత పుట్టింట్లో ఆమెను తెల్లవారుజామునే లేపేవాళ్లుండరు. అలిగితే ఊరుకుంటారు, విసుక్కుంటే పడతారు. రాత్రి కాళ్లు లాగుతున్నాయంటే లేచి పట్టేవాళ్లుంటారు. పని భారం తగ్గడం, వేళకు తిండి, తెలిసినవాళ్ల సలహా, నోరు తెరిచి బాధ చెప్పుకునే స్వేచ్ఛ. సామాజిక తోడ్పాటు అని పరిశోధకులు దేన్ని కొలుస్తారో అదంతా ఇదే.

ఆ ఆచారానికి చాలా చోట్ల చిల్లులు పడ్డాయి. ప్రేమపెళ్లి చేసుకున్న అమ్మాయికి పుట్టింటి తలుపు మూసుకుపోయి ఉండొచ్చు. తల్లి రోజూ కూలికి వెళ్తేగానీ గడవని ఇంట్లో కూతుర్ని కూర్చోబెట్టి చూసుకునేదెవరు? వలస వెళ్లి ఇటుక బట్టీలోనో నిర్మాణాల దగ్గరో గుడిసె వేసుకున్న గర్భిణికి అంగన్‌వాడీ దూరం, ఆశా కార్యకర్త దూరం, పుట్టిల్లు మరీ దూరం. రెండో కాన్పు సంగతి ఇంకా అన్యాయం. తొలి కాన్పుకు జరిగిన సందడి రెండోసారి ఉండదు. చంకలో రెండేళ్ల బిడ్డ, ఇంటి పని, అత్తింట్లోనే పురుడు. మొదటిది ఆడపిల్లయితే ఈసారి మగబిడ్డేనని చుట్టాలు చేసే జోస్యాలు వాటికి అదనం. గోవాలో విక్రమ్ పటేల్ బృందం 270 మంది తల్లులను గమనించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, కాన్పయిన ఆరు నుంచి ఎనిమిది వారాల్లో 23 శాతం మందిలో కుంగుబాటు కనిపించింది. పేదరికం, భర్తతో సరిపడకపోవడం, ఇంట్లో హింస, పుట్టింది ఆడపిల్ల కావడం ఆ కుంగుబాటుకు దారితీసినవని తేల్చారు. ఇవేవీ ఆమె ఒంట్లో పుట్టిన జబ్బులు కావు. ఆమె చుట్టూ ఉన్నవాళ్లు మారితే మారేవి.

హింస గురించి మాట్లాడకుండా ఈ విషయం పూర్తికాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పెళ్లయినవారిలో భర్త చేతిలో హింసకు గురైనట్టు చెప్పినవారు తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. కడుపుతో ఉన్నంత మాత్రాన ఆ చేయి ఆగదు. అలాంటి ఇంట్లో ఉన్న గర్భిణికి "సంతోషంగా ఉండమ్మా" అని చెప్పి పంపడం వైద్యం అనిపించుకోదు. ఆమెను భర్త, అత్త పక్కన లేకుండా ఒంటరిగా కూర్చోబెట్టి మాట్లాడే అవకాశం ప్రతి చెకప్‌లోనూ ఒక్కసారైనా ఉండాలి.

చదువుకుని ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు ఈ బాధ ఉండదనుకుంటే పొరపాటు. బెంగళూరు, పుణె అపార్టుమెంట్లలో, అమెరికా శివారు కాలనీల్లో ఉన్న తెలుగు అమ్మాయికి అన్నీ ఉంటాయి, పగలంతా మాట్లాడే మనిషి తప్ప. కాన్పు సమయానికి అమ్మో అత్తయ్యో సందర్శక వీసా మీద వస్తారు. వీసా రాకపోయినా, నాన్నకు ఆరోగ్యం బాగోక అమ్మ కదల్లేకపోయినా, అక్కడ ఆమె, భర్త, ఆ నాలుగు గోడలే. అమెరికాలో ఉన్నవారికి 2022లో మొదలైన జాతీయ మాతృ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది: 1-833-852-6262. ఇంగ్లిష్ రాని తల్లులకు దుబాసీల సాయం కూడా ఇస్తారు. ఈ నంబరు అక్కడి మన సంఘాల పండగ ఆహ్వానాల్లో అచ్చు వేయిస్తే ఎంత బాగుంటుంది!

లేబర్ రూమ్ తలుపు దగ్గర

తొమ్మిది నెలలు ఎంత తోడున్నా, చివరి గంటల్లో తలుపు దగ్గరే అందర్నీ ఆపేస్తారు. నొప్పులు పడే మనిషి అరుపులూ కసుర్ల మధ్య ఒంటరిగా ఉండటం మనకెంత అలవాటంటే, కొండేపూడి నిర్మల 'లేబర్ రూమ్' పేరుతో కవిత రాసేదాకా తెలుగు సాహిత్యం ఆ గదిలోకి తొంగి చూసిందే తక్కువ. కాన్పు వేళ నమ్మకమైన మనిషి పక్కనే ఉంటే ఏమవుతుందో ప్రపంచమంతా పరీక్షించారు. 17 దేశాల్లో 15 వేల మందికి పైగా స్త్రీలతో జరిగిన 26 ప్రయోగాలను కలిపి 2017లో సమీక్షించారు. తోడున్నవారికి నొప్పుల సమయం కొంత తగ్గింది, సహజ కాన్పులు పెరిగాయి, సిజేరియన్లు తగ్గాయి, కాన్పు అనుభవం చేదుగా మిగిలిపోయినవారి సంఖ్య తగ్గింది. ఒక మనిషి చేయి పట్టుకుని పక్కన కూర్చున్నందుకు వచ్చిన ఫలితాలివి. 2019-21 సర్వే నాటికే సిజేరియన్లు 60.7 శాతానికి చేరిన తెలంగాణకు, 42.4 శాతానికి చేరిన ఆంధ్రప్రదేశ్‌కు ఈ సంగతి అందరికంటే ముందు పట్టాలి.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు వేళ ఒక తోడు మనిషిని అనుమతించాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే చెప్పింది. 2017 చివర్లో వచ్చిన 'లక్ష్య' కార్యక్రమం గర్భిణిని గౌరవంగా చూడాలన్న నియమాన్ని దానికి జతచేసింది. తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్‌లతో కలిసి 2017లో నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టడం ఈ దారిలో పడిన మంచి అడుగు. మీ ఇంట్లో కాన్పు దగ్గరపడుతుంటే లోపలికి ఒకరిని రానిస్తారా అని ఆసుపత్రివాళ్లను ముందే అడగండి. ఎవరు రావాలన్నది ఆమెనే చెప్పనివ్వండి.

రావల్పిండిలో ఒక ప్రయోగం

పాకిస్థాన్‌లోని రావల్పిండి జిల్లా పల్లెల్లో అతీఫ్ రెహమాన్ అనే మానసిక వైద్యుడి బృందం చేసిన ప్రయోగాన్ని కాస్త వివరంగా చెప్పాలి. ఆ పల్లెల్లో మానసిక వైద్యులు లేరు. ఇంటింటికీ తిరిగే మహిళా ఆరోగ్య కార్యకర్తలున్నారు, మన ఆశాల వంటివాళ్లే. పాఠశాల చదువు దాకా చదివినవాళ్లు. వాళ్లకు రెండు రోజులు శిక్షణ ఇచ్చారు, నాలుగు నెలల తర్వాత మరో రోజు గుర్తుచేశారు. ఆ తర్వాత వాళ్లు కుంగుబాటుతో ఉన్న గర్భిణుల ఇళ్లకు వెళ్లడం మొదలుపెట్టారు. నెలలు నిండే ముందు నాలుగు వారాలు వారానికోసారి, కాన్పయిన మొదటి నెలలో మూడుసార్లు, ఆపై తొమ్మిది నెలలపాటు నెలకోసారి.

వెళ్లి ఏం చేశారు? "నీకు మానసిక జబ్బుంది" అనలేదు. బిడ్డ బాగుండాలంటే ఏం చేద్దామన్న మాటతో మొదలుపెట్టారు. దాంతో అత్తగారు అడ్డుచెప్పలేదు, తనూ వచ్చి కూర్చుంది. "నా వల్ల ఏదీ కాదు", "నా రాతే ఇంత" వంటి ఆలోచనలను బొమ్మల సాయంతో గుర్తుపట్టడం నేర్పారు. వాటి చోట వేరే ఆలోచనను పెట్టుకోవడం, ఆ వారంలో చేయగలిగే ఒక చిన్న పని ఎంచుకోవడం, ఇంట్లో ఎవరి సాయం అడగవచ్చో చూసుకోవడం నేర్పారు. మొత్తం 903 మంది తల్లులపై ఈ ప్రయోగం జరిగింది. ఫలితాలు 2008లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. బిడ్డకు ఆరు నెలలు నిండేసరికి, మామూలు పరామర్శలు మాత్రమే అందిన తల్లుల్లో 53 శాతం మంది ఇంకా కుంగుబాటులోనే ఉన్నారు. ఈ శిక్షణ పొందిన కార్యకర్తలు వెళ్లిన ఇళ్లలో 23 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఈ పద్ధతిని తన మార్గదర్శకంగా తీసుకుంది. తర్వాత ఆరోగ్య కార్యకర్తలు కూడా కాని మామూలు గృహిణులతో చేయించి చూసినప్పుడు గోవాలో ఫలితం మెరుగ్గా వచ్చింది, రావల్పిండిలో అంతగా రాలేదు. కాబట్టి ఎవరో ఒకరు వెళ్లి పలకరిస్తే సరిపోదు. శిక్షణ, పర్యవేక్షణ గట్టిగా ఉండాలి.

జార్ఖండ్, ఒడిశా గిరిజన పల్లెల్లో 'ఏక్‌జుట్' సంస్థ చేసిన పని ఇంకా ఆశ్చర్యం. వాళ్లు మొదలుపెట్టింది కుంగుబాటు కోసం కాదు, పురిటి బిడ్డల మరణాలు ఆపడానికి. నెలకోసారి ఊరి ఆడవాళ్లు కూర్చునేవారు. ఊళ్లోని ఒక మహిళే సమావేశం నడిపేది. బొమ్మల కార్డులు, కథలతో తమ ఇబ్బందులేమిటో తామే గుర్తించి, తామే ఉపాయం వెతుక్కునేవారు. 2010లో ఫలితాలు వచ్చాయి. పురిటి మరణాలు తగ్గాయి. మూడో ఏడాదికి తల్లుల్లో ఒక మోస్తరు కుంగుబాటు 57 శాతం తగ్గింది. అక్కడ ఎవరూ మందులివ్వలేదు. నలుగురిలో కూర్చుని తన కష్టం చెప్పుకునే చోటు, అది తన ఒక్కదాని కష్టమే కాదన్న ఎరుక, కలిసి చేసిన పని. ఇవే ఆ మార్పుకు కారణమని పరిశోధకులు భావించారు.

మన చేతిలో ఉన్నది

నెలకోసారి కూర్చునే ఆడవాళ్ల సంఘాలు తెలుగు నేలకు కొత్తా? 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకున్న సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత డ్వాక్రా సంఘాలు ఊరూరా అల్లుకున్నాయి. పొదుపు, అప్పు, వాయిదా గురించి ఆ సమావేశాల్లో లెక్కతప్పకుండా మాట్లాడతారు. ఊళ్లో ఎవరు కడుపుతో ఉన్నారో, ఎవరి ఇంట్లో రాత్రి గొడవ జరిగిందో ఆ చాప మీద కూర్చున్నవాళ్లందరికీ తెలుసు. సంఘానికి ఒకరిద్దరికి రావల్పిండి తరహా శిక్షణ ఇచ్చి ఆ కబురును సాయంగా మార్చవచ్చు.

అంగన్‌వాడీని కూడా ఈ కంటితో చూడాలి. తెలంగాణలో 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్య లక్ష్మి గర్భిణులను రోజూ కేంద్రానికి రప్పించి వేడి భోజనం పెట్టే ఏర్పాటు. కరోనా కాలంలో సరుకులను ఇళ్లకే చేర్చారు, అప్పటికి అదే సరైన పని. కానీ సరుకులు ఇంటికిస్తే చాలదా అని అడిగేవారికి ఒక మాట. కేంద్రంలో వడ్డించే భోజనంతోపాటు ఐదారుగురు గర్భిణులు ఒకచోట కూర్చుని మాట్లాడుకునే గంట కూడా వాళ్లకు దక్కుతుంది. కోడలు ఇంటి గడప దాటడానికి అత్తింట్లో చెప్పగలిగే కారణమూ అదే. మాంసకృత్తుల గ్రాములతో ఆ పథకాన్ని తూచేవాళ్లు ఈ గంటను కూడా లెక్కలో వేయాలి.

మన్యంలో ఇలాంటి ఏర్పాటు ఒకటి ఉంది. రోడ్డు లేని కొండ గూడేల నుంచి నిండు గర్భిణులను డోలీలో మోసుకొచ్చే కష్టం తప్పించడానికి గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ 2018లో సాలూరులో గర్భిణుల వసతి గృహం తెరిచింది. కాన్పు ముందే వచ్చి అక్కడ ఉంటారు. దారిలో ప్రాణం పోకుండా చూడటం దాని ఉద్దేశం. అయితే పక్క మంచం మీద తనలాంటి మరో గర్భిణి ఉండటం కూడా వైద్యమే. అలాంటి ప్రతి చోటా మనసు సంగతి అడిగే మనిషి ఒకరుంటే ఆ ఖర్చుకు రెట్టింపు ఫలితం దక్కుతుంది.

భర్తలు చేయగలిగింది చాలా ఉంది. చెకప్‌కు తోడు వెళ్లడం, బయట బండి మీద కూర్చోకుండా డాక్టర్ గదిలోకి వెళ్లడం, వంటింట్లో ఒక పూట పని పూర్తిగా తీసుకోవడం, ఆమె పుట్టింట్లో ఉన్న నెలల్లో రోజూ మాట్లాడటం. తండ్రి కాబోతున్నవారిలో, కొత్తగా తండ్రి అయినవారిలోనూ దాదాపు పది శాతం మంది కుంగుబాటుకు లోనవుతారని 2010లో వచ్చిన ఒక విశ్లేషణ చెప్పింది. వాళ్లనూ ఎవరో ఒకరు పలకరించాలి.

తోడు చాలని స్థితి కూడా ఉంటుంది. కాన్పయిన తొలి రోజుల్లో ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉండేదే, రెండు వారాల్లో తగ్గిపోతుంది. తగ్గకపోయినా, కడుపుతో ఉన్నప్పుడే దిగులు రెండు వారాలు దాటి వదలకపోయినా డాక్టర్‌కు చూపించాలి. వెయ్యి మందిలో ఒకరిద్దరికి కాన్పయిన కొద్దిరోజులకే మతి చలించినట్టు అవుతుంది. నిద్రే లేకపోవడం, లేనివి కనిపించడం, బిడ్డ గురించి వింత అనుమానాలు. అది అత్యవసరం, గంటల్లో ఆసుపత్రికి చేర్చాలి. చచ్చిపోవాలనిపిస్తోందని ఆమె ఎప్పుడన్నా అంటే ఊరికే అన్నదని కొట్టిపారేయకండి. ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ముందే మందులు వాడుతున్నవారు గర్భం తెలియగానే తమంతట తాము ఆపేయకూడదు. కొన్ని మందులు మార్చాలి, కొన్ని కొనసాగించవచ్చు, అది డాక్టర్ తేల్చాలి. ఆసుపత్రిలో చేరాల్సి వస్తే బిడ్డను విడదీస్తారన్న భయం అక్కర్లేదు. మూడేళ్లలోపు బిడ్డను మామూలుగా తల్లి నుంచి వేరు చేయకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. తల్లీబిడ్డలను కలిపి చేర్చుకునే వార్డు బెంగళూరు నిమ్హాన్స్‌లో 2009 నుంచి నడుస్తోంది. అలాంటిది విశాఖలో, హైదరాబాద్‌లో ఎందుకు ఉండకూడదు?

2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన దేశమంతటా ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు జరుగుతున్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు ఆ రోజున రెండు ప్రశ్నలు అదనంగా అడిగించాలి: గడిచిన నెలలో మనసు కుంగినట్టు, ఆశలు వదులుకున్నట్టు అనిపించిందా? ఇదివరకు ఇష్టమైన పనుల మీద ఆసక్తి పోయిందా? అవునన్న ప్రతి గర్భిణి ఇంటికీ ఆ వారంలోనే ఒక మనిషి వెళ్లాలి. ఆశా కార్యకర్తల మీద ఇప్పటికే మోయలేనంత పనుంది, కాబట్టి దాన్ని వట్టి ఆదేశంగా వాళ్ల నెత్తిన వేయకూడదు. వెళ్లేవారికి శిక్షణ, అదనపు వేతనం, వాళ్లకు పైన సలహా చెప్పే నిపుణుడు ఒకరు. ఈ మూడూ అదే ఉత్తర్వులో ఉండాలి.